రాయడానికి అర్హత వేరు, చేరడానికి అర్హత వేరు

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి దగ్గర పల్లె. పదో తరగతి వరకు ఇక్కడే చదివి, ఇంటర్ విజయవాడలో హాస్టల్లో ఉండి పూర్తి చేశాను. 2023లో తాడిపత్రిలో బి.ఎస్సీ.లో చేరాను. మేజర్ గణితం, మైనర్ కంప్యూటర్ సైన్స్. ఇప్పుడు ఐదో సెమిస్టర్ నడుస్తోంది. ఇప్పటిదాకా 52 శాతం వచ్చింది. మూడో సెమిస్టర్‌లో ఒక పేపరు మిగిలిపోయింది. ఎం.ఎస్సీ. చేయాలని ఉంది. నాకు అర్హత ఉందా? ఏ పరీక్ష రాయాలి? బెంగళూరులో ఉన్న మా బావ, ‘పరీక్షలెందుకు, ప్రైవేటు కళాశాలలో నేరుగా చేర్చుకుంటారు’ అంటున్నారు. మా కళాశాలలో నాలుగో ఏడాది ఆనర్స్ చేయమంటున్నారు. నాన్నేమో బి.ఇడి. చేస్తే బడిలో ఉద్యోగమైనా వస్తుందంటారు. మేము బి.సి.–డి.
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

సమాధానం: తల్లీ, నీ ఉత్తరంలో 52 శాతం అన్నచోట రెండు గీతలు గీశావు. మిగిలిపోయిన పేపరు సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే ఆ గీతలు రెండో వాక్యం కింద గీసేవాణ్ణి.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు పీజీ ప్రవేశ పరీక్షలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఫలితాలు రాకపోయినా, ఒకటి రెండు పేపర్లు మిగిలి ఉన్నా హాల్ టికెట్ వస్తుంది. బాగా రాస్తే ర్యాంకూ వస్తుంది. అక్కడిదాకా నిన్ను ఆపేవాళ్లు లేరు. ఆపేది కౌన్సెలింగ్‌లో, ధ్రువపత్రాలు చూసే బల్ల దగ్గర. డిగ్రీలో గణితం చెప్పిన కాలంలో ప్రవేశాల వేళ ఆ బల్ల దగ్గర నేనూ కూర్చునేవాణ్ణి. మంచి ర్యాంకు చేతిలో పట్టుకుని, ఒక్క పేపరు పోయినందుకు ప్రొవిజనల్ సర్టిఫికెట్ లేక తిరిగి వెళ్లినవాళ్లు ఏటా కనిపించేవారు. మార్కుల శాతం చాలక వెళ్లినవాళ్లు అంతమంది ఉండేవారు కాదు. పరీక్ష రాయడానికి కావలసిన అర్హత ఒకటి, సీటులో కూర్చోవడానికి కావలసినది ఇంకొకటి. నీ ప్రశ్న మొదటిదాని గురించి. నీకు చిక్కు ఉన్నది రెండోదానితో.

కాబట్టి ఈ ఉత్తరం చదివిన మర్నాడే చేయవలసిన పని ఒకటుంది. బేసి సెమిస్టర్ పేపర్లకు సప్లిమెంటరీ సాధారణంగా బేసి సెమిస్టర్ పరీక్షలతోపాటే పెడతారు. నీ మూడో సెమిస్టర్ పేపరును ఐదో సెమిస్టర్ పరీక్షలతో కలిపి రాయడానికి ఇప్పుడే అవకాశం. ఐదో సెమిస్టర్ ఫీజు కట్టి, పాత పేపరు ఫీజు ‘వచ్చేసారి చూద్దాం’ అనుకుని ఊరుకున్నావా, ఆ వచ్చేసారి ఏడాది తర్వాతే కావచ్చు. చివరి ఏడాది వాళ్లకు ఫలితాల తర్వాత ఇన్‌స్టంట్ పరీక్ష పెట్టే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి గానీ, దాని ఫలితం కౌన్సెలింగ్ కంటే ముందే వస్తుందని భరోసా లేదు. పరీక్షల విభాగం గుమాస్తాను అడిగి రెండు ఫీజులూ ఒకే రోజు కట్టు. రసీదు దాచుకో. ఇంటర్న్‌షిప్ మార్కులు మెమోలో ఎక్కాయో లేదో కూడా అదే రోజు కనుక్కో. పేపర్లన్నీ పాసై, ఇంటర్న్‌షిప్ నివేదిక ఇవ్వక డిగ్రీ ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ మిగిలినది గణితం పేపరే అయితే ఒక విధంగా మేలు. ప్రవేశ పరీక్షకు కావలసినవీ అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, అవకలన సమీకరణాలే కదా. రెండింటికీ ఒకే చదువు సరిపోతుంది.

ఇక నీ 52 శాతం. దాని గురించి నిద్ర చెడగొట్టుకోకు. ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఎం.సి.ఎ.లో (కంప్యూటర్ అప్లికేషన్స్‌లో పీజీ) చేరాలంటే డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 45 శాతం అడుగుతారు. నువ్వు ఆ గీత దాటే ఉన్నావు. మిగతా కోర్సులకు ఏ విశ్వవిద్యాలయం ఎంత అడుగుతుందో ఆ ఏటి సమాచార పుస్తకంలో కోర్సు పేరు పక్కనే ఉంటుంది. రాష్ట్రంలో సీటు తేల్చేది ప్రవేశ పరీక్ష ర్యాంకే. ఒక్క జాగ్రత్త చాలు. మీ మెమోలో గ్రేడు పాయింట్లు ఉంటాయి, దరఖాస్తులో శాతం అడుగుతారు. ఇంటర్నెట్ సెంటరు కుర్రాడు పాయింట్లను పదితో గుణించి కొట్టేస్తాడు. అలా వద్దు. మీ విశ్వవిద్యాలయం చెప్పిన మార్పిడి సూత్రం ఏదో దాన్నే వాడు. దరఖాస్తులో ఒక అంకె, పత్రంలో మరో అంకె కనిపిస్తే బల్ల దగ్గర సంజాయిషీ చెప్పుకోవలసింది నువ్వే.

ఏ పరీక్ష రాయాలి? ఒకటి మాత్రం తప్పనిసరిగా రాయి, ఏపీ పీజీసెట్. ఒకప్పుడు అనంతపురం శ్రీకృష్ణదేవరాయకు ఒక పరీక్ష, కడప యోగి వేమనకు ఒకటి, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయానికి ఇంకొకటి ఉండేవి. పిల్లలు మూడు ఫీజులు కట్టి, మూడు ఊళ్లు తిరిగేవాళ్లు. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే పరీక్ష అయింది. తొలి ఏడాది దాన్ని నడిపే బాధ్యత కడప విశ్వవిద్యాలయానికే అప్పగించారు. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద పరీక్ష. తప్పు జవాబుకు మార్కులు కొయ్యరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదిలిరాకు. వచ్చిన ర్యాంకుతో కౌన్సెలింగ్ వెబ్‌సైటులో కోరిక కళాశాలలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో ఈ మూడు విశ్వవిద్యాలయాలనూ పెట్టుకోవచ్చు. తిరుపతి మహిళా విశ్వవిద్యాలయాన్ని మరిచిపోకు. 1983 నుంచి ఆడపిల్లల కోసమే నడుస్తున్న విశ్వవిద్యాలయం అది. మిగతాచోట్ల కూడా మన రాష్ట్రంలో మూడో వంతు సీట్లు అమ్మాయిలకు ఉంటాయి.

మా తరం వాళ్లకు పీజీ అంటే తిరుపతే. అనంతపురంలో పీజీ కేంద్రం 1968లో వచ్చింది, అది విశ్వవిద్యాలయం అయింది 1981లో. కడపకు 2006 దాకా, కర్నూలుకు 2008 దాకా సొంత విశ్వవిద్యాలయం లేదు. ఈ చరిత్ర ఎందుకంటావేమో, నీ సీటుకు సంబంధం ఉంది, కింద చెబుతాను.

కంప్యూటర్ సైన్స్‌లోనే ఎం.ఎస్సీ. చేయాలన్న ఆశ ఉంటే ముందు ఒకటి చూసుకో. మీరు సింగిల్ మేజర్ పద్ధతిలో, అంటే ఒకే ప్రధాన విషయంతో, చేరిన మొదటి బ్యాచ్. మీకు ముందున్నవాళ్లు మూడు ప్రధాన విషయాలు చదివారు కాబట్టి మూడింటిలో దేనిలోనైనా పీజీకి వెళ్లేవాళ్లు. మేజర్‌లో గానీ మైనర్‌లో గానీ పీజీ చేయవచ్చనీ, ప్రవేశ పరీక్షలో అర్హత సాధిస్తే డిగ్రీలో చదవని విషయంలోనైనా చేరవచ్చనీ విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2024లో విడుదల చేసిన పీజీ విధానపత్రం అంటుంది. వినడానికి బాగుంది. కానీ విశ్వవిద్యాలయం తన సమాచార పుస్తకంలో ఏం అచ్చువేసిందో దాని ప్రకారమే బల్ల దగ్గర కూర్చున్న మనిషి నడుచుకుంటాడు. అర్హత పట్టికలో కంప్యూటర్ సైన్స్ ఎదురుగా ఏ డిగ్రీలు రాశారో, మైనర్‌గా చదివినవాళ్లను ఒప్పుకుంటారో లేదో చదివిన తర్వాతే ఆ పేపరుకు ఫీజు కట్టు. స్పష్టంగా లేకపోతే పరీక్షకు ముందే ఈమెయిల్‌లో అడుగు, వచ్చిన జవాబును అచ్చు తీసి ఉంచుకో. ఇదంతా తలనొప్పి అనిపిస్తే ఐసెట్ రాసి ఎం.సి.ఎ. చూడు. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం ఉంటే చాలు, నీకు రెండుచోట్లా ఉంది. ఎం.సి.ఎ. ఇప్పుడు రెండేళ్లే.

అనంతపురంలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉందన్న సంగతి నీ ఉత్తరంలో లేదు. 2018లో మొదలైంది. అందులో చేరడానికి పీజీసెట్ పనికిరాదు, సీయూఈటీ–పీజీ రాయాలి. దేశమంతటా కేంద్రీయ విశ్వవిద్యాలయాలు చాలావరకు దీని ద్వారానే తీసుకుంటాయి, హైదరాబాద్‌తో సహా. దీని దరఖాస్తులు డిసెంబరు, జనవరి ప్రాంతంలోనే పెట్టాలి, పరీక్ష మార్చిలో. పీజీసెట్ ప్రకటన వచ్చేదాకా ఎదురుచూసి, అప్పుడు దీని గురించి అడిగే పిల్లలే ఎక్కువ. 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. పీజీసెట్‌లో ఊహించి పెడితే పోయేదేమీ లేదు, ఇక్కడ తప్పయితే మార్కు పోతుంది. రెండూ రాసేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి. నీకు కావలసిన కోర్సు ఏ విశ్వవిద్యాలయంలో ఉందో ముందే చూసుకుని వాటినే పెట్టు. ఐఐటీల్లో ఎం.ఎస్సీ.కి రాసే జామ్ పరీక్ష కూడా ఉంది గానీ, దానికి దరఖాస్తు సెప్టెంబరు, అక్టోబరు మాటే. దాని పాత ప్రశ్నపత్రాలు దించుకుని లెక్కలు చేయి, సీయూఈటీకి మంచి సాధన.

నీ దగ్గరున్న బి.సి.–డి. పత్రం రాష్ట్రానిది, కేంద్ర సంస్థల్లో చెల్లదు. అక్కడికి ఓ.బి.సి. నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదన్న) పత్రం కావాలి, అదీ కేంద్రం ఇచ్చిన నమూనాలో, వాళ్లు అడిగిన ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నది. ముందు నీ కులం పేరు కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉందో లేదో చూడు. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉంటాయనుకోవద్దు. ఉంటే గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టు, తహసీల్దారు కార్యాలయం నుంచి రావాలి. రాష్ట్రంలో బి.సి.–డి.కి 7 శాతం, కేంద్రంలో ఓ.బి.సి.లందరికీ కలిపి 27 శాతం. ఈ ఒక్క కాగితం లేక ఆ వాటా వదులుకుని జనరల్‌లో పోటీ పడిన పిల్లలను చూస్తే నాకు కోపమే వస్తుంది. వాళ్ల మీద కాదు, మూడేళ్లు పాఠాలు చెప్పి ఈ మాట చెప్పని మా మీద.

ఇప్పుడు నువ్వు ఇంటర్ చదివిన విజయవాడ సంగతి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత లెక్క 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నడుస్తుంది. పాత అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు కలిసి తిరుపతి ఎస్వీ (శ్రీవేంకటేశ్వర) విశ్వవిద్యాలయ ప్రాంతం. ఆ ఉత్తర్వు నాటికి సీమలో ఉన్నది ఆ తిరుపతి విశ్వవిద్యాలయం ఒక్కటే కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. విజయవాడ ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తుంది. డిగ్రీ చివరి ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివి ఉంటే ఆ ప్రాంతానికి స్థానికులు. నీకు తాడిపత్రిలో మూడేళ్లే ఉన్నాయి, నాలుగో ఏడు విజయవాడలోకి పోతుంది. పుట్టిన ఊరు, ఆధార్ చిరునామా చూపిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఎక్కడ చదివావన్నదే.

భయపడకు, రెండో సూత్రం ఉంది. నాలుగేళ్ల లెక్క కుదరకపోతే ఏడేళ్లు చూస్తారు. ఆ ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి స్థానికులు. డిగ్రీ మూడు, తొమ్మిది, పది తరగతులు రెండు, మొత్తం అయిదేళ్లు ఇక్కడ. విజయవాడలో రెండే. నువ్వు ఎస్వీయూ ప్రాంతానికే స్థానికురాలివి. కానీ దీన్ని నోటితో చెబితే చాలదు, తొమ్మిదో తరగతి నుంచి ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ చూపాలి. బడి పక్కనే ఉంది, పరవాలేదు. విజయవాడ కళాశాల పత్రం నీ దగ్గర ఉందా? హాస్టలు ఖాళీ చేసి వచ్చిన రోజు మెమో, టి.సి. తెచ్చుకుని, స్టడీ సర్టిఫికెట్ అడగకుండా వచ్చేస్తారు అందరూ. లేకపోతే సెలవుల్లో ఒకరోజు రైలెక్కి వెళ్లు, ఇంటర్ హాల్ టికెట్ నంబరు తీసుకువెళ్లు. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక ఫోనులో బతిమాలే పరిస్థితి తెచ్చుకోకు. ఆ కార్పొరేట్ కళాశాలలు శాఖలు మూస్తుంటాయి, మారుస్తుంటాయి. ఆలస్యం చేసినకొద్దీ ఎవరిని అడగాలో కూడా తెలియదు.

పేరు కూడా ఒకసారి చూసుకో. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, ఇంటర్‌లో వెనకా ముందూ, ఇది మన ఇళ్లన్నిటిలో ఉన్నదే. అన్నిటికీ పది మెమోనే మూలం. ఆధార్‌ను దానికి సరిపోయేలా మార్పించుకో, దరఖాస్తులో పది మెమోలో ఉన్నట్టే రాయి.

మీ బావ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మిగిలిపోయిన సీట్లకు స్పాట్ అడ్మిషన్లు జరుగుతాయి, యాజమాన్యం కోటా సీట్లూ ఉంటాయి. కానీ ఫీజు రీయింబర్స్‌మెంటు కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకుతో కౌన్సెలింగ్ ద్వారా, చేరినవాళ్లకే వస్తుంది. పైగా 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవాళ్లకు దాన్ని ఆపేసింది. ఆ జీవో రద్దు గురించి తర్వాత మాటలు చాలా నడిచాయి. నువ్వు చేరే రోజున ఆ కళాశాలలో నీ కోర్సుకు వర్తించే ఉత్తర్వు ఏదో చూపించమని అడుగు. ‘వస్తుందిలే అమ్మా’ అంటే రాదని అర్థం. రెండేళ్ల ఫీజు, హాస్టలు మీ నాన్న మోయగలరా అన్నది మీ ఇంట్లో తేలవలసిన లెక్క. ఇంకొకటి, ఎక్కడ చేరినా పత్రాల అసలు ప్రతులు చూసి తిరిగి ఇవ్వాలి. వాటిని దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ప్రకటించింది. టి.సి. ఒక్కటి ఇవ్వక తప్పదు. ఇప్పటి కళాశాలలో ఫీజు బకాయి ఏమైనా చూపిస్తున్నారేమో సంక్రాంతి లోపే తేల్చుకో. బకాయి పేరుతో టి.సి. ఆపి పిల్లలను జూన్, జూలైలలో తిప్పే కళాశాలలకు మన దగ్గర కొరత లేదు.

నాలుగో ఏడాది ఆనర్స్ నీకు నేను చెప్పను. నాలుగేళ్లు చదివితే పీజీ ఒక్క ఏడాదే అన్నది నిజమే. కానీ పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు ఆరు సెమిస్టర్లలో 75 శాతం కావాలి, ఆ దారి నీకు లేదు. మామూలు ఆనర్స్ చేసినా, నువ్వు వెళ్లదలచిన చోట ఏడాది పీజీ మొదలుపెట్టి ఉండాలి. అది చూడకుండా ఫీజు కట్టడం ఎందుకు? మీ కళాశాల ఎందుకు చెబుతోందో నువ్వే ఆలోచించు.

మీ నాన్న మాటను తేలిగ్గా తీసేయకు. నీకు బడిలో చెప్పాలని ఉంటే ఎడ్‌సెట్ రాసి బి.ఇడి. చేయడమే దగ్గరి దారి, తర్వాత టెట్, డీఎస్సీ. ఎం.ఎస్సీ. ఒక్కదానితో స్కూల్ అసిస్టెంట్ కాలేవు. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ కావాలంటే మాత్రం పీజీ లేనిదే కుదరదు. డిగ్రీ, విశ్వవిద్యాలయ స్థాయిలో చెప్పాలంటే ఆ పైన సాధారణంగా నెట్ గానీ సెట్ గానీ (అధ్యాపకుల అర్హత పరీక్షలు) కావాలి. గణితానికి ఉన్న సీఎస్ఐఆర్–యూజీసీ నెట్ రాయాలంటే ఎం.ఎస్సీ.లో సాధారణంగా 55 శాతం, ఎస్సీ, ఎస్టీ వర్గాలకు 50 శాతం ఉండాలి. శాతం గురించి అంత దిగులు పడేదానివి, ఆ దిగులు అప్పుడు పడు. ఏ బల్ల ముందు నిలబడి పాఠం చెప్పాలనుందో నీ ఉత్తరంలో రాయలేదు. అది మీ నాన్నకు చెప్పి, ఆయనతో కూర్చుని మాట్లాడు. రెండూ కావాలంటే ఎడ్‌సెట్, పీజీసెట్ రెండింటికీ దరఖాస్తు చేయి, ర్యాంకులు వచ్చాక తేల్చుకోవచ్చు. సప్లిమెంటరీ ఫీజు గడువు మాత్రం ఈ వారంలోనే అడిగి తెలుసుకో.